రాతి తలుపు మీద ఇప్పపువ్వు

మా చిన్న తమ్ముడు పోయాడు. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మరదలు తువ్వాలు తెచ్చి ఇస్తే అందుకోలేదట.

నేనప్పుడు గీదంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. "వదినా, మీ తమ్ముడు పలుకుతలేడు" అని మరదలు ఫోన్‌లో ఒక్క మాట అన్నది. బస్సెక్కి నామం చెప్పుకోవడం మొదలుపెట్టాను. కష్టమొచ్చినా సుఖమొచ్చినా నాకు తెలిసింది అదొక్కటే. కొంత దూరం పోయాక చూసుకుంటే నామం ఆగిపోయి ఉంది. కిటికీ బయట కనిపించేవాటిని ఒక్కొక్కటిగా లోపల చెప్పుకుంటున్నాను. నిలువుగా రెండు గీతలు, వాటి మధ్య కిందికి వంగిన ఒక గీత. అది రెండు కర్రల మధ్య ఆరేసిన చీర. చీర అని చెప్పుకోలేదు. గీతలే చెప్పుకున్నాను.

ఆ అలవాటు నాకు వాడి వల్ల వచ్చింది. ఎలా వచ్చిందో చెబితే, వాడెలాంటివాడో మీకు కొంతైనా తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

మీలో కొందరికి రోడ్డు పక్కన వాడి దుకాణం గుర్తుండే ఉంటుంది. పొలాలకు నీళ్ళు తోడే మోటార్లు బాగుచేసేవాడు. భేజ్జి వైపు నుంచి, కొంటా వైపు నుంచి రైతులు కాలిపోయిన మోటార్లను సైకిళ్ళ మీద కట్టుకుని తెచ్చేవాళ్ళు. ఎవరి భాషలో వాళ్ళతో మాట్లాడేవాడు. గోండి వాళ్ళతో గోండి, దోర్లా వాళ్ళతో దోర్లీ, ఆఫీసు వాళ్ళు వస్తే హిందీ. మోటరుతో మాత్రం తెలుగులో మాట్లాడేవాడు. స్క్రూడ్రైవర్ మొన మోటరు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, "ఏందే, ఏమైందే నీకు" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వాడు చెయ్యెత్తి వాళ్ళను ఊరుకోమనేవాడు.

చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో పలికే వస్తువు ఏది కనబడినా విప్పి చూడాల్సిందే. నాన్న రేడియో విప్పి, తిరిగి బిగించాక రెండు మరలు మిగిలాయి. రేడియో మాత్రం పలికింది. "ఆ రెండు ఎందుకు పెట్టిండ్రో తెలుసుకోవాలె" అని వాటిని చాలా ఏళ్ళు జేబులో పెట్టుకు తిరిగాడు. నేను పూజలో కూర్చుంటే వచ్చి పక్కన కూర్చునేవాడు. భక్తి కాదు, అనుమానం.

"అక్కా, దేవునికి ఇన్ని పేర్లెందుకే? ఒకటి చాలదా?"

"పిలిచేటోళ్ళు ఎక్కువమంది ఉన్నరు కదరా."

"ఆయనకు ముఖం ఒక్కటే కద. ఎవరన్నా సరిగ్గ చూసిండ్రా?"

దీపం ఒత్తి సర్దుకున్నాను.

నలభై దాటాక షుగర్ వచ్చింది. పట్టించుకోలేదు. తర్వాత కళ్ళ ముందు ఈగలు తిరుగుతున్నాయన్నాడు. ఆ తర్వాత నల్లటి మరకలు. పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పోయిన చూపు రాదని, మిగిలినదాన్ని కాపాడుకోమని చెప్పారు. మిగిలింది ఎంత? వెలుతురు వస్తే తెలుస్తుంది. ఎదురుగా మనిషి నిలబడితే మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఎవరో తెలియదు.

దుకాణం మూశాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నిటికంటే కష్టం, ఎవరినీ చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు. గోడ తడుముకుంటూ పెరట్లోకి పోయేవాడు. ఒకసారి మురిక్కాలువలో పడ్డాడు. మరదలు పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించేశాడు.

"నేనేమన్న సామానా, పట్టుకపోతందుకు?"

మరదలు నా దగ్గరకు వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. "వదినా, తిట్టినా బాగుండు. మాట్లాడుతలేడు. పిలగాడు అలిగినట్టు గోడ దిక్కే చూస్తున్నడు." వాడు గోడవైపు నుంచి ఇటు తిరుగుతాడా లేదా అన్నదే ఆ ఏడాది మా ఇంట్లో ఉన్న ఒకే ప్రశ్న. నేను రోజూ దీపం పెట్టి అదే అడిగేదాన్ని. వేరే ఏమీ అడగలేదు.

నా ఇల్లు వాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతల. రోజూ పొద్దున పూజ అయ్యాక రాగి అంబలి తీసుకుపోయి వాడి మంచం పక్కన కూర్చునేదాన్ని. నేనూ ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఇద్దరం ఊరికే ఉండేవాళ్ళం. ఒకరోజు గోడవైపు నుంచే అన్నాడు.

"అక్కా, నాకొక పని చేసిపెడ్తవా?"

"ఏందిరా?"

"ఒక తలుపు తియ్యాలె."

ఏ తలుపో అనుకున్నాను. గూట్లోంచి ల్యాప్‌టాప్ తీయమన్నాడు. పాతది ఎవరి దగ్గరో కొన్నాడు. దుకాణంలో పని లేనప్పుడు అందులో ఆట ఆడేవాడట. నాకు తెలియదు. తెరిచి, వాడు చెప్పిన చోటల్లా నొక్కితే, ఒక బొమ్మ మనిషి కనిపించాడు. భుజాన మూట, చేతిలో కాగడా. పాడుపడిన రాతి ఊరొకటి. అందులో ఎవరూ లేరు. ఒక్కడే నడుస్తూ, మెట్లెక్కుతూ, గదులు చూస్తూ పోవాలి. కొట్టుకోవడాలు లేవు. ఒక పెద్ద రాతి తలుపు దగ్గర ఆట ఆగిపోయి ఉంది. వాడక్కడికి చేరాక చూపు పోయింది.

"ఎనిమిది నెలల సంది ఆ మనిషి గా తలుపు ముంగట నిలబడే ఉన్నడక్కా. నేను పండుకున్న గానీ వాడు నిలబడే ఉన్నడు."

"ఎట్ల తియ్యాలె?" అన్నాను.

తలుపు మీద నాలుగు గుండ్రటి రాళ్ళు. ఒక్కో రాయి అంచున చుట్టూ ఆరు గుర్తులు చెక్కి ఉన్నాయి. రాళ్ళు తిరుగుతాయి. వెనక గదిలో ఒక గోడ ఉంది. దాని మీద వరుసగా నాలుగు గుర్తులు. గోడ మీద ఉన్న వరుసలోనే తలుపు రాళ్ళ పైభాగానికి ఆ గుర్తులు తెచ్చి పెట్టాలి. ఒక్కటి తప్పినా రాళ్ళన్నీ గర్రున తిరిగి మొదటికి వస్తాయి. గోడ కనబడితే తలుపు కనబడదు, తలుపు కనబడితే గోడ కనబడదు. అందుకని నేను పోయి గోడ చూసి చెప్పాలి. వాడు మనసులో పెట్టుకుంటాడు. తర్వాత తలుపు దగ్గరకు వచ్చి ఒక్కో రాయి మీద ఏమేం ఉన్నాయో చదవాలి. ఏది ఎంత తిప్పాలో వాడు చెబుతాడు.

బొమ్మ మనిషిని నడిపించడం నేర్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. గోడలకు గుద్దుకునేవాడు. "నా లెక్కనే నడుస్తున్నడా?" అని తమ్ముడు అడిగాడు. ఎనిమిది నెలల్లో వాడు నవ్వించడానికి అన్న మొదటి మాట అది. మరదలు వంటింట్లోంచి తొంగి చూసింది.

గోడ దగ్గరకు చేరాను. "మొదటిది దువ్వెన. రెండోది కాకి అడుగు. మూడోది ఇప్పపువ్వు. నాలుగోది కొడవలి" అని చెప్పాను.

"ఇప్పపువ్వా? సరిగ్గ చూసినవా?"

"నాకు ఇప్పపువ్వు తెల్వదారా?" అన్నాను. పుట్టినప్పటి నుంచీ ఏరుతున్న పువ్వు. గుండ్రటి బొద్దు కడుపు, కిందివైపు చిన్న మూతి, మూతిలోంచి బయటికి మూడు గీతలు.

తలుపు దగ్గరకు వచ్చాం. మొదటి రాయి మీద దువ్వెన ఉంది. రెండో రాయి మీద కాకి అడుగు ఉంది. నాలుగో రాయి మీద కొడవలి కూడా ఉంది. మూడో రాయి మీద ఇప్పపువ్వు లేదు. చేప, నిచ్చెన, కన్ను, ఆకు, చుక్కలు, సొరబుర్ర. అంతే. మళ్ళీ చదివాను. అవే.

"పువ్వు లేదురా."

"ఉంటది. లేకుంటే తలుపెందుకు పెడ్తడు?"

ఆకు పెట్టి చూశాం. గర్రుమంది. చుక్కలు పెట్టి చూశాం. గర్రుమంది. చేప పెట్టాం. ప్రతిసారీ నాలుగూ మొదటి నుంచి తిప్పాలి; నా చేతికి పూటకు ఒకటి కావడమే గొప్ప. ఒకసారి తిప్పుతుంటే బుర్ర పైకి వచ్చింది. "బుర్ర బోర్లపడ్డది" అన్నాను. "మనకు బుర్ర వద్దు, ముంగటికి తిప్పు" అన్నాడు. తిప్పాను.

ఇలా వారం నడిచింది. వాడు మంచం మీద లేచి కూర్చుంటున్నాడు. నేను రాకముందే ల్యాప్‌టాప్ ఛార్జింగు పెట్టమని మరదలిని అడుగుతున్నాడు. కానీ తలుపు తెరుచుకోలేదు. ఒకరోజు మరదలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గోడ మీద గుర్తు చూసింది.

"ఇది ఇప్పపువ్వేంది వదినా, ఉల్లిగడ్డ. గీ వేర్లు కనవడ్తలేవా?"

"ఉల్లిగడ్డ ఎవరన్న గోడకు చెక్కుకుంటరా?" అన్నాను.

"పువ్వు చెక్కుకుంటే ఉల్లిగడ్డ ఎందుకు చెక్కుకోరు? కూర చేసుకునేటోళ్ళు కారా వాళ్ళు?"

తమ్ముడు పెద్దగా నవ్వాడు. నవ్వి, ఆగిపోయాడు. మోటరు మీద స్క్రూడ్రైవర్ ఆనించినప్పుడు ముఖం ఎలా పెట్టేవాడో అలా పెట్టాడు.

"ఆగుండ్రి. ఒక్క దానికి అక్క పువ్వంటది, నువ్వు ఉల్లిగడ్డంటవు. దాన్ని చెక్కినోడు ఎక్కడోడో. వానికి ఇప్పచెట్టు తెలుసా? మన ఉల్లిగడ్డ తెలుసా?" తర్వాత నాతో అన్నాడు. "అక్కా, నువ్వు చూడంగనే పేరు పెడుతున్నవు. పేరు పెట్టినంక ఇగ చూస్తలేవు."

నాకు కొంచెం కష్టమనిపించింది. యాభై నాలుగేళ్ళు పేర్లు చెప్పుకుంటూ బతికినదాన్ని. "మరి ఎట్ల చెప్పాలెరా?" అన్నాను.

"గీతలు చెప్పు. గీత ఎక్కడ మొదలైతది, ఎటు పోతది, ఎక్కడ ఆగుతది. గంతే."

ప్రయత్నించాను. గుండ్రంగా ఒక గీత, కింద మూసుకోకుండా రెండు కొసలు, ఆ కొసల మధ్య మూడు చిన్న గీతలు. చెప్తుంటే మాటలు తడబడ్డాయి. కొసలు ఎటు, ఎంత దూరం, నాకే తెలియలేదు. నాకు మాటలు తక్కువని చెప్పాను కదా. వాడికి విసుగొచ్చింది. నాకూ వచ్చింది. అప్పుడు వాడు చేసిన పని నేను మర్చిపోలేను.

అరచెయ్యి చాపాడు.

"ఇగో. దీని మీద గీయి."

వంటింట్లోకి పోబోతున్న మరదలు గడప దగ్గరే నిలబడిపోయింది. ఎనిమిది నెలలుగా ఎవరినీ తాకనివ్వని చెయ్యి. నేను ఎడమ చేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాను. విదిలించలేదు. రాగి తీగలు చుట్టి చుట్టి వేళ్ళ చివర్లు గట్టిపడి ఉన్నాయి. చూపుడువేలితో గోడ మీది గుర్తు గీశాను. గుండ్రం, కొసలు, మూడు గీతలు. మళ్ళీ గీయమన్నాడు. మళ్ళీ గీశాను.

"ఇప్పుడు మూడో రాయి దగ్గరికి పో. ఆరూ గీయి. పేరు చెప్పకు."

చేప గీశాను. తల అడ్డంగా ఊపాడు. నిచ్చెన గీశాను. కన్ను. ఆకు. చుక్కలు పొడిచాను. చివరికి రాయి కింది అంచున ఉన్న బుర్ర. మూతికి ఆకు కుక్కిన సొరబుర్ర. అడవికి పోయేవాళ్ళు నీళ్ళు పోసుకుని భుజాన వేసుకుపోయేది. గుండ్రంగా గీశాను, పైన మూతి విడిచిపెట్టాను, మూతిలో మూడు గీతలు పెట్టాను.

వాడు కదలలేదు. "మళ్ళొకసారి" అన్నాడు.

గీశాను. నా వేలు వాడి అరచేతిలో ఉండగానే మెల్లగా చెయ్యి తిప్పాడు. వేళ్ళు నా వైపు వచ్చేదాకా, మణికట్టు అటు పోయేదాకా. నా వేలు మూతి దగ్గర ఆగి ఉంది. ఆ మూతి ఇప్పుడు కింద ఉంది.

"అక్కా," అన్నాడు, "ఇదే అది."

అప్పుడు కనిపించింది నాకు. రాయి కింది అంచున ఉంది కాబట్టి తలకిందులుగా ఉంది. మూతి పైకి ఉంటే నాకది బుర్ర. మూతి కిందికి ఉంటే ఇప్పపువ్వు. నీళ్ళున్న బుర్రను మనం ఎప్పుడూ బోర్లించం. చెట్టున వేలాడే ఇప్పపువ్వు మూతి పైకి చూడగా నేనెప్పుడూ చూడలేదు. అందుకని రెండూ ఒకటేనని నా కంటికి తట్టలేదు. అది పైకి వచ్చిన రోజున కూడా, ఎదురుగా పెట్టుకుని, బోర్లపడ్డ బుర్ర అన్నాను కానీ పువ్వు అనలేదు. ఒకసారి బుర్ర అనుకున్నాక అది బుర్రే.

మూడుసార్లు తిప్పమన్నాడు. తిప్పాను. మిగతా మూడూ పెట్టాను. ఈసారి గర్రుమనలేదు. రాయి రాయి మీద జరుగుతున్న చప్పుడు నెమ్మదిగా వచ్చింది. వాడు తల వంచి విన్నాడు.

"తెరుసుకుంటున్నదా?"

"తెరుసుకుంటున్నది."

"ఏమున్నదక్కా లోపల?"

నోటి దాకా ఒక పేరు వచ్చింది. ఆపుకున్నాను. వాడి చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. "కిందికి పోయే గీతలు" అన్నాను. "ఒకదాని కింద ఒకటి, చాలా ఉన్నయి. పోను పోను పొట్టివైతున్నయి. చివర తెల్లగ ఉన్నది. గుండ్రం కాదు, పొడుగు. అంచులు సరిగ్గ తెలుస్తలేవు." అలా ఎంతసేపు చెప్పానో. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. వాడు ఒక్కసారి కూడా అది ఫలానానా అని అడగలేదు.

ఆ గుర్తు నిజానికి ఏమిటో మాకు తెలియదు. చెక్కినవాడి దేశంలో అది దీపమేమో, గంటేమో. చాలా రోజులు దాని గురించి మాట్లాడుకున్నాం. మరదలు ఉల్లిగడ్డ దగ్గరే ఉంది. వాడు మాత్రం ఏదీ ఒప్పుకోలేదు. "తెల్వకుండనే తలుపు తీసినం కదా, గంతే చాలు. తెలుసుకుందాం తియ్యి, తొందరేంది" అనేవాడు.

ఆ మెట్లు దిగి లోపలికి పోలేదు. మర్నాడు నేను ల్యాప్‌టాప్ తీయబోతే వాడు చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"వాగు అవతల మిరపతోటోడు రెండుసార్లొచ్చి పోయిండంట. వాని మోటరు ఆగిపోయిందంట. పోదాం పా."

చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు. అంతలోనే వాడి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మోచేతి మీద ఆగింది.

"నువ్వు నన్ను పట్టుకోకు. నేను నిన్ను పట్టుకుంట."

ఆ రోజు నుంచి అలాగే నడిచాం. ఆ తోటలో ఆ రైతు, దోర్లా ఆయన, మోటరు మూత విప్పి, "ఇది మొత్తం కాలిపోయింది దాదా" అన్నాడు. తమ్ముడు చెయ్యెత్తాడు. "కాలిందో లేదో నేను చెప్త. నువ్వు చూసింది చెప్పు. ఎర్ర వైరు యాడికి పోయింది?" ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన వంగి, ఎర్రది ఎటు పోయి ఎక్కడ దూరిందో, నల్లది ఎక్కడ తెగిందో, గీత గీతగా చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు వేళ్ళతో వెంబడి పోయాడు. కాలలేదు. ఒక్క చోట తెగింది, అంతే.

తర్వాత ఏడాదిన్నర పాటు దుకాణం నడిచింది. ఒకప్పటిలా కాదు. రోజుకు ఒకటో, రెండో. వచ్చిన రైతే కళ్ళు, వాడు చేతులు. కొత్తగా వచ్చినవాళ్ళకు మరదలే నేర్పేది. "పేరు చెప్పకుండ్రి, ఆయనకు కోపమొస్తది" అని. నేను పూజలో కూర్చున్నప్పుడు నామం మధ్యలో ఆపి దేవుడి పటాన్ని చూడటం కూడా అప్పటి నుంచే. ఇన్నేళ్ళూ దండం పెట్టాను. పటంలో ఆయన ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే కొంచెం కిందికి ఉందని మొన్నమొన్నటి దాకా నాకు తెలియదు. వాడికి చెబితే, "ఇంకా చూడు" అన్నాడు.

వాడిని తలుచుకుంటే ఎక్కువగా గుర్తొచ్చేది మిరపతోటలో ఆ మొదటి రోజే. తీగ అతికాక రైతు వాగు దగ్గర స్విచ్ వేశాడు. మోటరు పలికింది. మేమిద్దరం తోట మధ్యలో ఉన్నాం. నీళ్ళు ఎండిన మట్టి కాలువలోకి పడి, ముందు ఆకులూ పుల్లలూ తోసుకుంటూ, పగుళ్ళలోకి ఇంకుతూ, మెల్లగా మా వైపు రావడం మొదలైంది. నేను చెప్పడానికి నోరు తెరిచాను.

"చెప్పకక్కా" అన్నాడు.

నా మోచెయ్యి వదిలేశాడు. చెప్పులు విప్పి, పాదంతో గట్టు తడిమి, ఎండిన కాలువలోకి తనే దిగాడు. పంచె ఒక చేత్తో పైకి పట్టుకుని, చప్పుడు వచ్చేవైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. నీళ్ళు ఇంకా పది బారల దూరంలో ఉన్నాయి.

నేను ఊరుకున్నాను.